ప్రదక్షిణ శేషము: వైశాల్య జ్యామితి చరిత్రము

భూమిని కొలుచుటతో జ్యామితి పుట్టినది. అమరకోశమునందు భూమికి చెప్పిన పర్యాయపదములలో ‘జ్యా’ యనునది యొకటి. ‘మితి’ యనగా కొలత. గ్రీకులు ఈ శాస్త్రమునకు పెట్టిన పేరునకును అర్థమదియే. నాలుగు గట్ల నడుమనున్న చేను ఎన్ని సెంట్లని అడిగిన కాపునకు సమాధానము చెప్పుటకై బయలుదేరిన యీ విద్య, కాలక్రమమున నేలను విడిచి ఆకాశమున కెక్కి, గ్రహముల నడకను కొలిచి, తుదకు కంటికి కనుపింపని ఆకారములను సైతము కొలువ నేర్చినది. అట్టి కొలతలలో నొకదానికి ‘సింప్లెక్టిక్ జ్యామితి’ యని పేరు. ఆకారమునందలి రంధ్రములను, తెరపులను లెక్కించు సాధనమునకు ‘కోహోమాలజీ’ యని పేరు. పేర్లు కొత్తవి, నోరు తిరుగనివి. కాని లోని విషయము మాత్రము గొలుసు పట్టి పొలము కొలిచినవారికిని, జమాఖర్చు వ్రాసి శేషము తేల్చినవారికిని బొత్తిగా అపరిచితము కాదు.

ఈ చరిత్రమునందు రాజులు లేరు. యుద్ధములు పేరునకు మాత్రమే వచ్చును. ఉన్నవారు బడిపంతు లొకడు, చేతులు పోయిన ఇంజనీరొకడు, చెరలోనున్న సైనికాధికారి యొకడు, ముప్పది నాలుగేండ్లకే గతించిన యువకుడొకడు. చదువరులు లేక చిత్తుకాగితముల పాలైన పుస్తకము కథయు ఇందు కలదు. కనుక గ్రంథాలయ రజతోత్సవ సంచికలో దీనికి చోటుండుట అనుచితము కాదు.

గ్రహములు, జంటలెక్కలు

1609వ సంవత్సరమున కెప్లరు తన గ్రంథమునందు ఒక వింతను ప్రకటించెను. సూర్యునినుండి గ్రహమునకు గీచిన రేఖ సమాన కాలములలో సమాన వైశాల్యములను ఊడ్చుకొని పోవును. గ్రహము సూర్యునికి చేరువనున్నప్పుడు వడిగాను, దూరమున నున్నప్పుడు నెమ్మదిగాను నడచును. వేగము మారును, దూరము మారును. వైశాల్యము మాత్రము మారదు. 1687లో న్యూటను దీనిని తన గతిసూత్రములనుండి నిరూపించెను. మారు వస్తువుల నడుమ మారని వైశాల్యము: ఈ చరిత్రమునకు బీజమిదియే.

అయితే గ్రహమును లాగువాడు సూర్యుడొక్కడే కాడు. తక్కిన గ్రహములును కొంచెము కొంచెము లాగుచుండును. అందువలన నేటి కక్ష్య రేపటికి వెంట్రుకవాసి మారును. ఈ మార్పులు వేలయేండ్లు పేరుకొన్నచో భూమి ఏనాటికైన దారి తప్పునా? సూర్యునిలో పడునా? శూన్యములోనికి తొలగిపోవునా? ఇది పండితుల వినోదమునకు వేసిన ప్రశ్న కాదు. మానవజాతి నిలుకడను గూర్చిన ప్రశ్న. 1808లో, డెబ్బది రెండేండ్ల వృద్ధాప్యమున, లగ్రాంజి మరల ఈ సమస్యను చేపట్టెను. మరుసటి యేడు ఇరువది యెనిమిదేండ్ల పాయిసాన్ దానిని ముందునకు సాగించెను. కక్ష్యల మార్పును లెక్కించుటకై వీరిరువురును కల్పించిన గుణకార విశేషములకు లగ్రాంజి కుండలీకరణములు, పాయిసాన్ కుండలీకరణములు అని నేటికిని పేరు. చలనమున మారని రాశులు రెండు దొరకినచో, ఈ కుండలీకరణముచే మారని మూడవ రాశిని పొందవచ్చుననుట పాయిసాన్ సిద్ధాంతము. దాని లోతును గుర్తించి లోకమునకు చాటినవాడు యాకోబి.

1834, 1835 సంవత్సరములలో ఐర్లండు దేశీయుడగు హామిల్టను చలనశాస్త్రమునంతను జంటలుగా కూర్చెను. కదలు వస్తువునకు స్థానమొకటి, ద్రవ్యవేగమొకటి. ద్రవ్యవేగమనగా ద్రవ్యరాశిని వేగముతో గుణింపగా వచ్చినది. ఈ రెండును దంపతులవలె నుండును. ఒకటి లేక రెండవదానికి కథ సాగదు. స్థానమును అడ్డముగను, ద్రవ్యవేగమును నిలువుగను గుర్తించినచో, వస్తువుయొక్క ప్రతి స్థితియు పటముపై నొక చుక్క యగును. అట్టి చుక్కలు గుంపుగానున్న చిన్న మడిని తీసికొన్నచో, కాలము గడచుకొలది ఆ మడి సాగును, వంగును, పొడవు పెరిగి వెడల్పు తగ్గును. దాని వైశాల్యము మాత్రము పిసరంతయు మారదు. గట్లెట్లు తిరిగినను నాలుగెకరములు నాలుగెకరములే. వస్తువులు పెక్కైనప్పుడు ఒక్కొక్క జంట వైశాల్యమును తీసి మొత్తము చేయవలెను. ఆ మొత్తము మారదు. అందుచేతనే ఈ జ్యామితి సరిసంఖ్య మితులు గల ప్రదేశములందే నిలుచును. జంట లేని ఒంటరికి ఇందు స్థానము లేదు.

చిత్తుకాగితములైన గ్రంథము

ఇట్టి వైశాల్యమును గుణకారముగా వ్రాయుటకు ఒక భాష కావలెను. ఆ భాషను నిర్మించినవాడు విశ్వవిద్యాలయ పండితుడు కాడు. ప్రష్యాలోని స్టెటీన్ పట్టణమున బడిపంతులు. అతని పేరు హెర్మన్ గ్రాస్మన్ (1809-1877). ఆ పట్టణము నేడు పోలెండు దేశమున చేరి ష్చెచిన్ అని పిలువబడుచున్నది.

1844లో గ్రాస్మన్ విస్తార సిద్ధాంతమను గ్రంథమును ప్రకటించెను. అందలి గుణకారము వింతయైనది. తూర్పు దిక్కును ఉత్తరముతో గుణించినచో ఒక మడి వచ్చును. ఉత్తరమును తూర్పుతో గుణించినచో అదే మడి ఋణముగా వచ్చును. తూర్పును తూర్పుతోనే గుణించినచో సున్న వచ్చును. ఏలయన పొడవేగాని వెడల్పు లేని చేనునకు విస్తీర్ణము లేదు. ఇంతటి తేట విషయమును ఆనాటి పండితులు గ్రహింపలేకపోయిరి. విషయము మంచిదేగాని కూర్పు బాగుగా లేదని 1847లో కుమ్మర్ అభిప్రాయము వ్రాసి పంపగా, గ్రాస్మన్ ఆశించిన విశ్వవిద్యాలయోద్యోగము దొరకలేదు. 1862లో గ్రంథమును తిరుగ వ్రాసి ప్రకటించెను. దానిని చదివినవారును అరుదు. 1864లో ప్రకాశకుడు మొదటి గ్రంథము ప్రతులను రమారమి ఆరు వందలు చిత్తుకాగితముల క్రింద తీసివేసెను. మిగిలిన కొలది ప్రతులును క్రమముగా చెల్లిపోయి, తుదకు ప్రకాశకుని గ్రంథాలయమున నొక్క ప్రతి మాత్రము నిలిచెను.

గణితము చదువువారు లేరని గ్రాస్మన్ చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. సంస్కృతమభ్యసించెను. బడిలో పాఠములు చెప్పుకొనుచునే ఋగ్వేదమున కంతకును నిఘంటువు కూర్చి 1873-75 నడుమ ప్రకటించెను. ఏ పదము ఏ మండలమున, ఏ ఋక్కున, ఏ విభక్తితో వచ్చినదో అందు చూపబడినది. వైదిక భాషను పరిశోధించువారు నేటికిని దానిని తిరుగవేయుచున్నారు. పిమ్మట ఋగ్వేదమును జర్మను భాషలోనికి పరివర్తించెను. వేదవాఙ్మయమును సేవించిన చేయియు, వైశాల్య గుణకారమును కనుగొన్న చేయియు ఒక్కటియే యని మన చదువరులు ఎరుగదగును. 1877లో గ్రాస్మన్ మరణించెను. మరుసటి యేటనే 1844 నాటి గ్రంథము తిరిగి ముద్రింపబడెను. 1899లో ఫ్రెంచి దేశమున ఏలీ కార్టాన్ ఆ గుణకారమునే ఆధారముగా గొని, చోటుచోటునకు మారు కొలతలను గుణించి, కలుపు విధానమును స్థాపించెను. నేడు సింప్లెక్టిక్ జ్యామితిలో ఏ పుట తెరచినను గ్రాస్మన్ గుణకారమే కనుపించును.

చెరువు చుట్టు నడక

ఇక రెండవ పాయ. చెరువుగట్టుపై నొక రాతియొద్ద బయలుదేరి గట్టంతయు చుట్టి మరల ఆ రాతియొద్దకే వచ్చితిమనుకొందము. త్రోవలో ఎక్కిన ఎత్తులను జమగాను, దిగిన పల్లములను ఖర్చుగాను వ్రాసికొన్నచో కడపట శేషము సున్న. బయలుదేరిన మట్టమునకే వచ్చితిమి గదా! ఎట్టి త్రోవన పోయినను ఇంతియే.

ఇప్పుడు చెరువు నడుమ నొక స్తంభమున్నదనుకొందము. నడచువాడు అడుగడుగునకు స్తంభము చుట్టు తానెంత తిరిగెనో డిగ్రీలలో వ్రాసికొనవలెను. స్తంభమును చుట్టకుండ ఎచ్చటనో చిన్న మడి చుట్టు తిరిగి వచ్చినచో ఇందును శేషము సున్నయే. కాని స్తంభమును లోన నుంచుకొని ఒక ప్రదక్షిణము చేసి వచ్చినచో శేషము 360 డిగ్రీలు. గట్టు వంకరగా నున్నను, గుండ్రముగా నున్నను, త్రోవ చిన్నదైనను, పెద్దదైనను శేషము మారదు. రెండు ప్రదక్షిణములు చేసినచో రెట్టింపగును. అనగా ఆ శేషము త్రోవను గూర్చి చెప్పుట లేదు. లోపల నొక అడ్డు, ఒక తెరపి, ఉన్నదని చెప్పుచున్నది. నీటిలో దిగకయే, నడుమనేమున్నదో చూడకయే, గట్టుపై నడచినవాని చిట్టా ఆ రహస్యమును బయట పెట్టినది.

చిన్న చిన్న చుట్లన్నింట సరిపోవు చిట్టాలను ‘సంవృతములు’ అనియు, ఎంత పెద్ద చుట్టునందైనను సరిపోవు చిట్టాలను ‘యథార్థములు’ అనియు అనవచ్చును. మొదటివానినుండి రెండవవానిని త్రోసివేయగా మిగిలినదే కోహోమాలజీ. ఒక్కొక్క పుటలో సరిపోయి, పుస్తకము మొత్తమున తేలు శేషమనుట తగును. రంధ్రములు వివిధ మితులలో నుండవచ్చును గనుక శేషములును ఒకటవ తరగతి, రెండవ తరగతి యని పెక్కు విధములుగ నుండును.

ఆకారముల రంధ్రములను లెక్కించు టోపాలజీ శాస్త్రమునకు 1895లో పొయన్కరే పునాది వేసెను. కార్టాన్ చూపిన కొలతల శేషములును, పొయన్కరే లెక్కించిన రంధ్రములును సరిగా ఒక్కటియే యని 1931లో స్విట్జర్లండు దేశీయుడు జార్జి ద రామ్ నిరూపించెను. 1935లో మాస్కో నగరమున జరిగిన సభలో అలెగ్జాండరు, కొల్మొగొరొవ్ అను నిరువురు ఒకరి నొకరు అనుసరింపకయే కోహోమాలజీని ప్రతిపాదించిరి. ప్రతి శేషమునకును అన్నిటికంటె నెమ్మదియైన ప్రతినిధి యొకటి కలదని ఇంగ్లండులో హాడ్జి చూపెను. ఆకారముపై వేడిని ప్రసరింపనిచ్చి, అది సర్దుకొనిన పిదప మిగిలినదానిని చూచుటయు ఇట్టి ప్రతినిధిని పట్టుటకు ఒక మార్గము. ఈ వేడి సమీకరణమును వంపులు గల ప్రదేశములపై సాధించుటలో, వాల్తేరునందలి ఆంధ్ర విశ్వకళాపరిషత్తున గణితము బోధించిన సుబ్బరామయ్య మీనాక్షిసుందరము, స్వీడను దేశీయుడు ప్లెయెల్ కలిసి 1949లో ప్రకటించిన వ్యాసము సుప్రసిద్ధము. ఆ విధముగ ఈ ప్రవాహమున ఆంధ్రదేశపు తీరమును తాకిన అల యొకటి కలదు.

జాన్ లెరే కథ మరియొకటి. ఇతడు ఫ్రెంచి సైన్యమున అధికారి. 1940లో జర్మనులకు చిక్కి, 1945 వరకు ఆస్ట్రియాలోని బందీల శిబిరమున గడపెను. ద్రవముల చలనశాస్త్రమున దిట్టయని తెలిసినచో శత్రువు తనచేత యుద్ధోపయోగమగు పని చేయించునని వెరచి, తాను టోపాలజీ మాత్రమే యెరిగినవానివలె నుండెను. ఆ శిబిరములోనే బందీలకు విద్య గరపు విశ్వవిద్యాలయమును నడపెను. చోటుచోటున దొరకిన సమాచారమును కుట్టి మొత్తమునకు పనికివచ్చునట్లు చేయు ‘షీఫు’ సిద్ధాంతమునకు అంకురార్పణము ముండ్లతీగల నడుమ జరిగెను. శత్రువునకు ఉపయోగపడని విద్యయని ఎన్నుకొన్నది, స్వాతంత్ర్యము వచ్చిన పిదప లోకమునకంతకును ఉపయోగపడెను.

రెండు పాయల సంగమము

‘సింప్లెక్టిక్’ అను పేరు పెట్టినవాడు హెర్మన్ వైల్. అంతకు ముందు ఈ జ్యామితికి సంబంధించిన సమూహమును ‘కాంప్లెక్సు సమూహము’ అనెడివారు. ఇది సంకీర్ణ సంఖ్యలకును వాడు మాట యగుటచే తికమక కలుగుచుండెను. కలిపి అల్లినది యని అర్థమిచ్చు ఆ లాటిను మాటను తీసి, అదే అర్థము గల గ్రీకు మాటను 1939లో వైల్ ప్రవేశపెట్టెను. అర్థము ఒక్కటియే, భాష మారినది. ఈ సంగతిని చదువరులు జ్ఞాపకముంచుకొనవలెను. కథ చివర మరల దీనితో పని కలదు.

అంచులు లేక, పరిమితమై, తనలో తాను మూసికొనిన ప్రదేశమునందు సింప్లెక్టిక్ కొలత యున్నదనుకొందము. ఆ వైశాల్యపు కొలతను తనతో తాను వలసినన్ని మారులు గుణించినచో మొత్తము ఘనపరిమాణము వచ్చును. వైశాల్యపు చిట్టా యథార్థమే అయినచో, శేషము లేని చిట్టాను గుణింపగా ఘనపరిమాణము సున్న కావలెను. ఉన్న ప్రదేశమునకు ఘనపరిమాణము సున్న యెట్లగును? కనుక వైశాల్యపు చిట్టాయందు శేషము తప్పదు. ఆ శేషమును నిలుపుకొనుటకు ప్రదేశమున రెండవ తరగతి తెరపి యుండితీరవలెను. నాలుగు మితుల గోళమునం దట్టిది లేదు. కాబట్టి ఆ గోళముపై ఈ జ్యామితి ఎన్నటికిని నిలువదు. ఆకారమే కొలతను కాదన్నది. కోహోమాలజీ చేసిన మొదటి ఉపకారమిది.

రెండవ ఉపకారమునకు మూలపురుషుడు సాలమన్ లెఫ్‌షెట్జ్. మాస్కోలో పుట్టి, పారిసున పెరిగి, ఇంజనీరై 1905లో అమెరికా చేరెను. 1907లో ట్రాన్స్‌ఫార్మరు ప్రేలిన ప్రమాదమున రెండు చేతులును పోయెను. అప్పటికి వయస్సు ఇరువది మూడు. యంత్రములతో పని చేయు ఆశ ఉడిగిపోగా గణితమును చేపట్టెను. 1911లో డాక్టరు పట్టమంది, నెబ్రాస్కా, కాన్సాసు రాష్ట్రములలో పండిత సాంగత్యము లేని చోట్ల ఏండ్ల తరబడి ఒంటరిగా పరిశ్రమించెను. సమీకరణములచే నిర్మితమైన ప్రదేశములలో వైశాల్యపు కొలతతో మరల మరల గుణించినచో, నడిమి తరగతికి క్రిందనున్న శేషములు సరిగా అంతే యెడమున పైనున్న శేషములతో ఒకటికొకటిగా జత కూడుననుట ఇతని సిద్ధాంతము. 1924 నాటి గ్రంథమున ఇది కలదు. దీనికి పూర్తి నిరూపణమొసగినవాడు హాడ్జి.

సింప్లెక్టిక్ ప్రదేశములన్నిటను ఈ జతకూర్పు నిజమగునా? కాదని తేలినది. 1976లో థర్స్టన్ నాలుగు మితుల ప్రదేశమొకదానిని చూపెను. కొదైరా దానిని అంతకు ముందే వేరొక దృష్టితో ఎరుగును. దానియందు ఒకటవ తరగతి తెరపులు మూడు. సమీకరణములచే నిర్మితమైన మూసిన ప్రదేశములలో బేసి తరగతుల తెరపులు సరిసంఖ్యగానే యుండవలెను. 1988లో బ్రిలిన్స్కీ, హాడ్జి చూపినట్టి నెమ్మది ప్రతినిధి సింప్లెక్టిక్ ప్రదేశములలోను ప్రతి శేషమునకును ఉండునని ఊహించెను. లెఫ్‌షెట్జ్ జతకూర్పు ఉన్నచోట్ల మాత్రమే ఆ ఊహ నిజమని 1995లో మాథ్యూ నిరూపించెను. 1996లో యాన్ మరియొక మార్గమున అదియే చూపెను.

అయినచో జతకూర్పు లేనిచోట్ల నేమి చేయవలెను? 2012లో ప్రకటించిన వ్యాసములలో త్సెంగ్, యౌ అను నిరువురు దీనికి మార్గము చూపిరి. ద రామ్ చిట్టా నొక్కదానినే నమ్ముకొనక, సింప్లెక్టిక్ కొలతను అనుసరించి వ్రాసిన రెండవ చిట్టాను దానితో ఒరసి చూచి కొత్త కోహోమాలజీలను నిర్మించిరి. జతకూర్పు ఉన్నచోట కొత్త శేషములు పాతవానితో ఏకీభవించును. లేనిచోట, పాత చిట్టాకు అందని భేదములు కొత్త చిట్టాలో బయటపడును. ఒక్క పుస్తకమున సరిపోయినట్లు కనుపించు లెక్కను రెండవ పుస్తకముతో సరిచూచినప్పుడు తేడా తెలియుట లోకానుభవమే గదా!

పొయన్కరే తుది కోరిక

బావి చుట్టునున్న గట్టువంటి వలయమును తలచుకొందము. వైశాల్యము మారకుండ దానిని కదిల్చి, లోపలి అంచును ఒకవైపునకును, వెలుపలి అంచును ఎదురు వైపునకును త్రిప్పినచో, కనీసము రెండు చుక్కలు కదలక యథాస్థానమున నుండునని పొయన్కరే గ్రహించెను. నిరూపణము చిక్కలేదు. తనకింక ఎక్కువ కాలము లేదను శంకతో, అసంపూర్ణమైనను ముందువారికి పనికివచ్చునని 1912లో దానిని అట్లే ప్రకటించి, ఆ జూలై నెలలోనే మరణించెను. మరుసటి యేడు అమెరికాలో బిర్కాఫ్ నిరూపించెను.

1960 తరువాతి దశకమున రష్యాదేశీయుడు ఆర్నోల్డ్ దీనిని విస్తరించి, మూసిన సింప్లెక్టిక్ ప్రదేశమున హామిల్టను చలనము కదల్పలేని చుక్కల సంఖ్య తెరపుల లెక్కకు తగ్గదని ఊహించెను. 1983లో కాన్లీ, జేండర్ కొన్ని ప్రదేశములకు దానిని సాధించిరి. 1985లో గ్రొమోవ్ ఈ జ్యామితికి కొత్త కన్ను తెరపించెను: ఘనపరిమాణము సరిపోయినంత మాత్రమున బంతిని తనకంటె సన్నని గొట్టములో ఇరికింప వీలులేదని చూపెను. సూదిబెజ్జములో ఒంటె దూరదను సామెతను పండితులు దీనికి అన్వయింతురు. ఈ రెండు మార్గములను కలిపినవాడు జర్మనీ యువకుడు ఆండ్రియాస్ ఫ్లోయర్. 1988 ప్రాంతమున అతడు అనంత మితులు గల ప్రదేశమున శేషములు తేల్చు పద్ధతిని నిర్మించి, ఆర్నోల్డ్ ఊహను ఎన్నియో ప్రదేశములకు నిజము చేసెను. 1991లో, ముప్పది నాలుగేండ్లకే, అతడు లోకమును విడిచెను. అతని పేరు మోయు సిద్ధాంతము నేడు శాఖోపశాఖలుగా విస్తరించియున్నది.

విడిపోయిన మాటలు కలియుట

పాయిసాన్ కుండలీకరణము చోటుచోటున సన్నగిల్లి, కొన్నియెడల పూర్తిగా లుప్తమగునట్టి ప్రదేశములును కలవు. అచ్చట జంటలు అన్నిచోట్ల కుదురవు. అట్టివాని శేషములను తేల్చు కోహోమాలజీని 1977లో లిష్నరోవిచ్ స్థాపించెను. ఈ విధముగ సింప్లెక్టిక్ జ్యామితి తన గట్లు దాటి విశాలమయ్యెను. 2003లో ఆక్స్‌ఫర్డునందలి హిచిన్ మరియొక అడుగు వేసి, సంకీర్ణ సంఖ్యల జ్యామితియు, సింప్లెక్టిక్ జ్యామితియు ఒకే విశాల జ్యామితికి రెండు కొనలని చూపెను. అతని శిష్యుడు గ్వాల్టియెరి అదే సంవత్సరమున తన పరిశోధన గ్రంథమునందు దానిని సమగ్రముగా నిర్మించెను. కవల్కాంతి మొదలగువారు దాని కోహోమాలజీని పరిశోధించిరి. కలిపి అల్లినదను అర్థము గల ఒకే మాటను 1939లో వైల్ లాటినుగాను, గ్రీకుగాను విడదీసెను. అరువదినాలుగేండ్లకు ఆ రెండు మాటల అర్థములును మరల ఒకే అల్లికలో చేరినవి.

గ్రహముల ప్రశ్న యేమైనది? చిన్న చిన్న లాగుడులు కలిగినను పెక్కు క్రమచలనములు నిలిచియుండునని 1954లో కొల్మొగొరొవ్ ప్రకటింపగా, ఆర్నోల్డ్, మోజర్ నిరూపణములు సమకూర్చిరి. ఇతడు 1935 నాటి కోహోమాలజీ కొల్మొగొరొవే. 2009లో లస్కర్, గాస్టినో యంత్రములతో ఐదువందల కోట్ల యేండ్ల వరకు రెండువేల అయిదువందల పైచిలుకు లెక్కలు చేసి చూచిరి. నూటికి సుమారు ఒక్క లెక్కలో మాత్రము బుధుని కక్ష్య మిక్కిలి సాగిపోవునని తేలినది. ఆ లెక్కలకు వాడిన పద్ధతియు సింప్లెక్టిక్ పద్ధతియే. ఏలయన అడుగడుగునకు వైశాల్యమును కాపాడు లెక్కలో పొరపాట్లు పేరుకొని కొంప ముంచవు. లగ్రాంజి వృద్ధాప్యమున వేసిన ప్రశ్నకు రెండు వందల యేండ్లకు, అతడు నాటిన విత్తనమునుండియే సమాధానము లభించినది.

ఈ చరిత్రమునంతను ఒక్కమారు సింహావలోకనము చేసినచో ఒక సంగతి స్పష్టమగును. ఇందు ఏ యొక్కడును పని పూర్తిచేసి పోలేదు. పొయన్కరే నిరూపణము లేకయే విడిచెను; ఫ్లోయర్ ఫలమును పూర్తిగా చూడలేదు; గ్రాస్మన్ గ్రంథమును అతని కాలమువారు చదువలేదు. ముందువాడు విడిచిన చోటును వెనుకటివాడు కనుగొనగలుగుటకు కారణము పుస్తకము నిలిచియుండుట. ఆరు వందల ప్రతులు చిత్తుకాగితములైనను నిలిచిన కొలది ప్రతులే వంతెనయైనవి.

ఏ గ్రంథాలయమునందైనను పుస్తకములిచ్చు చిట్టాలో ఏండ్ల తరబడి ఒక్క సంతకమైనను పడని గ్రంథములు కొన్ని యుండును. చోటు చాలదనియు, చెద పట్టుననియు, వానిని తీసివేయుదమను మాట అప్పుడప్పుడు వచ్చుచుండును. ఆ మాట వచ్చిననాడు స్టెటీన్ బడిపంతులను స్మరించుట మంచిది. చదువువాడు ఇంకను పుట్టలేదేమో. పుట్టి బడిలో అక్షరములు దిద్దుచున్నాడేమో. అతడు వచ్చువరకు దీపమును కాపాడుటయే గ్రంథాలయ ధర్మము. ఇరువదియైదేండ్లు ఆ ధర్మమును నడపిన ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవమును, వజ్రోత్సవమును జరుపుకొని, దినదిన ప్రవర్ధమానమగు గాక!